నాలుగు వందల పన్నెండు అక్షరాలు

ఫిబ్రవరి 3

తమ్ముడికి,

షాపులో కంప్యూటరు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. అది రోజుకి రెండుసార్లు స్పృహ తప్పుతోంది. దాన్ని బాగుచేసే ఆయన్ని మేం డాక్టరుగారు అంటాం. నిన్న వచ్చి మూత విప్పి, లోపలికి టార్చి వేసి చూసి, పేషెంటు తాలూకు వాళ్లతో మాట్లాడే గొంతుతో నెల రోజులు అన్నాడు. కొత్త కంప్యూటరు కొనడం పెద్ద పని కాదు. మన పాత డ్రాయింగ్ ప్రోగ్రాం అందులో ఎక్కదు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి తొమ్మిదేళ్లయిందట. ఇన్నాళ్లూ దిక్కూమొక్కూ లేని ప్రోగ్రాంతో కాపురం చేస్తున్నానని నాకే తెలియదు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. బోర్డుల అక్షరాలు కోసే కట్టింగ్ మెషీను పక్కన నిలబడి మాట్లాడితే నాకు సగం వినబడదు, నువ్వేమో ఊఁ కొట్టి పెట్టేస్తావు. ఎలాగూ పెన్‌డ్రైవ్ కొరియర్లో పంపాలి. దానితో పాటు కాగితం కూడా వస్తే నీ బల్ల మీద పడి ఉంటుంది, కంటికి కనబడుతూ ఉంటుంది.

మీ బావ నలుగురినీ అడిగి వచ్చి మూడు ప్రోగ్రాంల పేర్లు చెప్పాడు. ఆ పేర్లు నాకు నోరు తిరగవు కాబట్టి వేరే పేర్లు పెట్టుకున్నాను. ఒకటి అద్దెది. నెలనెలా కడుతూ ఉండాలి, ఆపితే తలుపు మూసేస్తారు. రెండోది కొనేది. ఒక్కసారి కట్టి తెచ్చి ఇంట్లో పెట్టుకోవడమే. మూడోది ఉచితంది. ఎవరో పుణ్యాత్ములు రాసి జనానికి వదిలేశారట. ఊరికే వచ్చేదాన్ని ఎలా నమ్ముతాం అని మీ బావ అనుమానం. ఆయన ఊరికే వచ్చే సలహా కూడా నమ్మడు, నావన్నీ ఊరికే ఇచ్చేవే.

రంగులూ హంగులూ నాకు అక్కర్లేదు. అమ్మ అక్షరాల ఫైలు ఉన్నది ఉన్నట్టుగా ఎందులో తెరుచుకుంటుందో అది చెప్పు చాలు. అమ్మ బోర్డులు రాయడం మానేసి నిచ్చెన దిగాక, కాగితాల మీద కుంచెతో రాసి ఇచ్చిన అక్షరాలు అవి. నేను ఆరేళ్లు కూర్చుని, వాటిని స్కాన్ చేసి, ఒక్కోదాని మీదా మౌస్‌తో గీసుకుంటూ వచ్చాను. గుణింతాలూ ఒత్తులూ కలిపి నాలుగు వందల పన్నెండు. వీధిలో బోర్డులన్నీ ఒకే కంప్యూటరు అక్షరంతో ఉంటాయి, మనవి తప్ప. జనం మన దగ్గరికి వచ్చేది దాని కోసమే. ఆ ఫైలు పోతే షాపు మూతపడదు. కానీ పక్క వీధిలో వాడికీ మనకీ తేడా ఉండదు. అమ్మ నిచ్చెన ఎక్కి రాసినవన్నీ ఎలాగూ వెలిసిపోయాయి, ఇక మిగిలింది ఈ ఫైలే.

పాత ప్రోగ్రాంలో వేరే ప్రోగ్రాంలు చదవగలిగే రకం ఫైలు ఒకటుంది. అలా సేవ్ చేసి పంపుతున్నాను. తెరిచి చూసి చెప్పు. భోజనం టైముకి చెయ్యి.

అక్క

ఫిబ్రవరి 11

అక్కకి,

పార్సెల్ సోమవారం అందింది. మా డిజైన్ గదిలో ఎనిమిది కుర్చీలూ ఎనిమిది తెరలూ ఉంటాయి. అందరం రోజంతా అట్టపెట్టెల మీద బొమ్మలు పెడతాం. ఈ వారం బిస్కెట్ల పెట్టె, నాలుగోసారి మారుస్తున్నాం. నీ ఫైలు తెరవగానే పక్క కుర్చీ ఆయన తన పని వదిలేసి వచ్చి నిలబడ్డాడు. ఈ అక్షరాలు ఎక్కడివి అని అడిగాడు. మా అమ్మవి అన్నాను. కాసేపు ఎవరూ బిస్కెట్ల మాట ఎత్తలేదు.

ఇక రిపోర్టు. మూడింట్లోనూ తెరిచాను, మూడింట్లోనూ విడివిడిగా సేవ్ చేసి చూశాను.

అద్దెది మా ఆఫీసులో ఉన్నదే. నీ ఫైలు శుభ్రంగా తెరుచుకుంది, అన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఏ ప్రెస్సుకి పంపినా తీసుకుంటారు. కొనేది కూడా మంచిదే, నీ కట్టింగ్ మెషీనుతో నేరుగా మాట్లాడుతుంది. కానీ ‘గీతల వెడల్పు’ అని దాని సొంత లెక్క ఏదో ఉంది, తెరవగానే అక్షరాలన్నీ కొంచెం లావయ్యాయి. ఉచితందాంట్లో ఒత్తులన్నీ అక్షరాన్ని వదిలి కిందికి జారిపోయాయి. బడి వదిలాక పిల్లల్లా ఎటు పడితే అటు ఉన్నాయి. దాన్ని పరిగణనలోకి తీసుకోనక్కర్లేదు. నా ఓటు అద్దెదానికి. అందరూ వాడేది అదే, నీకు ఏదైనా అడ్డం పడితే నేను ఇక్కణ్ణించి చెప్పగలను.

ఇంకో విషయం చెబితే ఏమనుకోకు. ఫైల్లో మొదటి సగం బాగా గీశావు. గీత తిరిగే చోట పెట్టే పాయింట్లు ఒక్కో అక్షరానికి పన్నెండు, పద్నాలుగు, అంతే. రెండో సగానికి వచ్చేసరికి నీకు విసుగొచ్చినట్టుంది. ఒక్క ‘ఘ’ లో నూట నలభై పాయింట్లు లెక్కపెట్టాను. పెద్దది చేసి చూస్తే అంచంతా ఎగుడుదిగుడు. అమ్మ ఒక్క లాగుడులో రాసే మనిషి. గోడ మీద సున్న చుడితే పళ్లెం బోర్లించి గీసినట్టుండేది. అలాంటి అక్షరానికి నువ్వు ముళ్లకంచె వేశావు. మౌస్ పట్టుకుని రోజుల తరబడి గీస్తే ఎవరికైనా అలాగే వస్తుందిలే. అద్దెదాంట్లో దీనికి ఒక కమాండు ఉంది, అనవసరమైన పాయింట్లు తీసేసి వంపు సాపు చేస్తుంది. నన్ను సరిచేసి పంపమంటావా?

అమ్మకి మోకాళ్లు ఎలా ఉన్నాయి? నిచ్చెన మానేసి మంచిపని చేసింది.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 17

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. అందులో సగం నాకు తలకెక్కలేదు, మిగతా సగం ఎక్కింది.

అద్దె అంటే నాకు మొదటినుంచీ పడదు. అమ్మ అక్షరాలకి ఎవరికో నెలనెలా అద్దె కట్టడమేమిటి? ఒక నెల కట్టకపోతే తలుపు మూసేస్తే, లోపల ఉన్నది ఎవరిది? మీ ఆఫీసులో అందరూ వాడుతున్నారంటే మీ ఆఫీసు కడుతోంది కాబట్టి వాడుతున్నారు. నీకు దూరం నుంచి చెప్పడానికి వీలుగా ఉంటుందని నేను ఇల్లు మారలేను కదా. అలాగని ఒత్తులు జారిపోయేదాన్ని కూడా నెత్తిన పెట్టుకోలేను.

ఈ వారం ఊపిరాడని పని. పళ్ల డాక్టరు కొత్త క్లినిక్కుకి బోర్డు, దాని కింద ఆవిడ చదువంతా చిన్న అక్షరాల్లో. ఒక మనిషి ఇంత చదవొచ్చు గానీ తలుపు మీద పట్టదని చెప్పాను. మీ బావ నిచ్చెన ఎక్కి కొలిచి వచ్చి, పట్టదు అని నా మాటే నాకు చెప్పాడు.

కంప్యూటరు నిన్న మూడుసార్లు పడిపోయింది. నాకు తీరిక లేదు, నువ్వు చూసి ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి. అమ్మ అక్షరాలు మాత్రం తెరుచుకోవాలి. అమ్మ బాగానే ఉంది. మోకాళ్లు కూడా.

అక్క

ఫిబ్రవరి 27

అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఈ నాలుగు రోజులూ ఆఫీసు అయ్యాక ఒక్కో గంట కూర్చుని ఫైలంతా సాపు చేశాను. మొత్తం పాయింట్లు ముప్పై వేల చిల్లర ఉండేవి, ఇప్పుడు ఐదు వేల రెండు వందలు. మెషీను కూడా సగం టైములో కట్ చేస్తుంది చూసుకో. పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్లుంటే నువ్వు దేన్ని తెరవాలో గందరగోళపడతావని పాతదాన్ని తీసేసి దాని చోట కొత్తది పెట్టాను.

సాపు చేస్తున్నప్పుడు ఒక్కో అక్షరం ముడతలు పోయి బయటికి వస్తుంటే చిన్నప్పటి అమ్మ బోర్డులే గుర్తొచ్చాయి. అమ్మకి చూపించు, సంతోషిస్తుంది. నీ గీతల్లో చేతి అలసట ఉంటే అది అమ్మ తప్పనుకుంటారు చూసేవాళ్లు. ఇప్పుడు ఆ భయం లేదు.

అద్దె విషయంలో నీ మాట ఆలోచించాను. కొనేది తీసుకో. తెరవగానే అక్షరాలు లావవుతాయన్నాను కదా, ఆ లెక్క ఆపేసే చోటు కనుక్కున్నాను. వేరే కాగితం మీద అంచెలంచెలుగా రాసి పెట్టాను. ఇప్పుడు ఫైలు సాపుగా ఉంది కాబట్టి నువ్వు ఏ ప్రోగ్రాం తీసుకున్నా ఒకటే.

బిస్కెట్ల పెట్టె ఏడోసారి మారింది. ఇప్పుడు మొదటిదానిలాగే ఉంది, అందరూ బాగుందంటున్నారు.

నీ తమ్ముడు

మార్చి 9

తమ్ముడికి,

కంప్యూటరు మార్చి ఒకటిన పోయింది. డాక్టరుగారు గంటసేపు కూర్చుని, చేతులు దులుపుకుని లేచాడు. లోపల ఉన్నది ఏదీ బయటికి రాదన్నాడు. నేను కంగారు పడలేదు. అమ్మ ఫైలు నీ దగ్గర భద్రంగా ఉంది కదా అనుకున్నాను. నాలుగో తేదీన నీ పార్సెల్ వచ్చింది. కొత్త కంప్యూటరు తెచ్చి, కొనే ప్రోగ్రాం పదిహేను రోజులు ఊరికే వాడుకోవచ్చంటే ఎక్కించాను. నువ్వు రాసిన అంచెలు పాటించాను. తెరుచుకుంది. చిన్నగా చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. కళ్లజోళ్ల షాపు బోర్డు ఆ రోజే ఇవ్వాలి, కట్టింగ్‌కి పెట్టాను.

కట్ అయ్యాక అక్షరాల చుట్టూ ఉన్న పనికిరాని స్టిక్కరు షీటు ఒలిచేస్తాం. నువ్వు మర్చిపోయి ఉంటావు, నువ్వూ ఒలిచేవాడివి ఒకప్పుడు. అమ్మ ఫైల్లో రెండో సగం అక్షరాల దగ్గర షీటు ఎప్పుడూ ఆగి ఆగి వస్తుంది. ప్రతి చిన్న గతుకు దగ్గరా కొంచెం పట్టుకుంటుంది, గోరుతో వదిలించాలి. ఆ రోజు మొత్తం ఒక్క లాగుడుకి వచ్చేసింది. ఒలిచిన షీటు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు తెర మీద పెద్దది చేసి చూశాను.

నేను విసుగుతో గీయలేదు. మౌస్ అలవాటు లేక అలా గీసిందీ కాదు. అమ్మ చెయ్యి వణుకుతుంది. ఏడేళ్లయింది. నిచ్చెన మానింది మోకాళ్ల వల్ల కాదు. కుంచె పట్టుకుంటే పోటు లేదు, నొప్పి లేదు, ఊరికే వణుకు. నరాల డాక్టరు ఇది తగ్గేది కాదు, పెరక్కుండా చూడాలి అన్నాడు. అక్షరాలు రాయడం మొదలుపెట్టినప్పుడు వణుకు ఇంకా తక్కువే, కూర్చుని రాస్తే తెలిసేది కాదు. ఎక్కువ వాడేవి ముందు రాసింది, అరుదుగా వాడేవి తర్వాత. ఆ తర్వాతవి రాసేనాటికి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసేది. ఒక్కో అక్షరానికి అరపూట. నేను ప్రతి వణుకు దగ్గరా ఒక పాయింటు పెట్టాను. నువ్వు లెక్కపెట్టిన నూట నలభై నేను ఒక్కొక్కటీ చూసి పెట్టినవి. అమ్మ అలా రాసింది కాబట్టి అలాగే ఉండాలని పెట్టాను.

నీకు చెప్పొద్దని అమ్మే అంది. వాడొచ్చిన రెండు రోజులూ నా చేతులు చూస్తూ కూర్చుంటాడు, వద్దు అంది. నేను చెప్పకపోవడం తప్పే. కానీ అడగకుండా పాతది తీసేయడం ఏమిట్రా? రాసిన కాగితాలు గోడ చెమ్మకి ముద్దయిపోయి నాలుగేళ్లు. స్కాన్ చేసినవి పోయిన కంప్యూటర్లో ఉన్నాయి. నాలుగు వందల పన్నెండులో నూట తొంభై రెండు ఇక ఎక్కడా లేవు.

కళ్లజోళ్ల ఆయన బోర్డు చాలా బాగుందన్నాడు. ఈసారి ఇంకా నీటుగా వచ్చిందన్నాడు.

అక్క

మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను.

సరిచేసి పంపమంటావా అని నేను అడిగాను. ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి అన్నావు. నువ్వు ప్రోగ్రాం సంగతి అన్నావని ఇప్పుడు తెలుస్తోంది. నెపం నీ మీద పెట్టడానికి కాదు, ఎలా జరిగిందో చెబుతున్నాను. ఈ ఏడేళ్లలో తొమ్మిదిసార్లు వచ్చాను. ప్రతిసారీ అమ్మ చేతులు కొంగులోనే ఉన్నాయి. చలి అనుకున్నాను. మంచినీళ్లు కూడా నువ్వే తెచ్చి ఇచ్చేదానివి, నీకు అతిథి మర్యాద ఎక్కువైందని వెక్కిరించాను కూడా. నాకు సిగ్గుగా ఉంది, మీ ఇద్దరి మీదా కోపంగా కూడా ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో తేలడం లేదు.

ఒకటి దొరికింది. మొదట మూడు ప్రోగ్రాంలలో తెరిచి చూసినప్పుడు విడివిడిగా సేవ్ చేశానని రాశాను కదా. అద్దెదాంట్లో చేసిందాని మీదే సాపు చేశాను, అది పోయింది. కొనేదాంట్లో చేసింది లావయిపోయింది, గతుకులన్నీ మూసుకుపోయాయి. ఉచితందాంట్లో చేసింది పనికిరాదని అసలు ముట్టుకోలేదు. అది ఇంకా నా కంప్యూటర్లోనే ఉంది. నిన్న తెరిచి లెక్కపెట్టాను. ‘ఘ’ లో నూట నలభై ఉన్నాయి. ఒత్తులు జారాయి గానీ ఏ ఒక్క పాయింటూ కదల్లేదు. నువ్వు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఒత్తుల్ని మళ్ళీ వాటి చోట నేనే పెడతాను. ఫైలు పంపుతున్నాను. మూడు కాపీలు తీసి మూడు చోట్ల పెట్టాను.

తమ్ముడు

మార్చి 24

తమ్ముడికి,

నువ్వు పంపింది అందింది. తెరిచి, తలుపు దగ్గరికి వేసి, కాసేపు ఏడ్చాను. తర్వాత కస్టమరు వచ్చాడు.

ఇక్కడ ఇంకో గొడవ మొదలైంది, రాస్తాను. నువ్వు సాపు చేసిన అక్షరాలు చూసుకుందామని కాగితాల మీద ప్రింటు తీసి బల్ల మీద వదిలాను. నేను బ్యాంకుకి వెళ్లి వచ్చేసరికి అమ్మ వాటి ముందు కూర్చుని ఉంది. ఇప్పటికి కుదిరాయి అంది. మొహం వెలిగిపోతోంది. నాకు ఒళ్లు మండి, అవి నీవి కావు, వాడు మెషీనుతో ఇస్త్రీ చేసినవి, నీ అసలు అక్షరాలు ఇవీ అని వణుకువి ప్రింటు తీసి ముందు పెట్టాను. అమ్మ వాటిని చాలాసేపు చూసింది.

“అక్షరం నాది, వణుకు జబ్బుది. నా జబ్బుని తీసుకెళ్లి ఇన్నాళ్లూ జనం గుమ్మాలకి వేలాడదీశావా?” అంది.

ఆరేళ్లు ఒక్కో గతుకూ చూసి చూసి గీశాను కదా, అమ్మ మెచ్చుకుంటుందనే అనుకుంటూ వచ్చాను. గీసేటప్పుడు పక్కనే కూర్చునేది గానీ తెర మీద అక్షరంలో ఒక్క ముక్కే గుమ్మం అంత పెద్దగా కనబడుతుంది, గతుకులు అమ్మకి తెలియలేదు. నేనూ చెప్పలేదు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మీ బావ మధ్యలో అటూ ఇటూ టీ మోశాడు.

మూడో రోజు అమ్మే కదిలింది. నీ సాపు కాగితాలు మళ్ళీ తీసి చూస్తూ, వీడు ‘ఢ’ బొడ్డు ఎందుకు తీసేశాడు అంది. చూస్తే అక్కడ నిజంగానే చిన్న వంపు ఉండేది. అది వణుకు కాదట, కావాలని వంచిందట. దూరం నుంచి చూస్తే పక్క అక్షరంతో కలిసిపోకుండా ఉండటానికి. నీ కమాండు వణుకుతో పాటు దాన్ని కూడా ఊడ్చేసింది. అలాంటివి ఒక్క పేజీలోనే ఐదు పట్టుకుంది. అంటే నీ ఫైలు అమ్మది కాదు. నాదీ కాదు.

ఇప్పుడు పని ఇలా జరుగుతోంది. ఒక్కో అక్షరం నీదీ నాదీ పక్కపక్కన పెద్దగా ప్రింటు తీస్తున్నాను. అమ్మ చూసి ప్రతి వంపుకీ ఇది నేను, ఇది వణుకు అని చెబుతుంది. మొదట పెన్సిలుతో టిక్కూ ఇంటూ తనే పెట్టింది, పెట్టినవి రెండూ ఒకేలా ఉన్నాయి. అందుకని తను చెబుతుంది, నేను పెడుతున్నాను. ఈ మార్కుల ప్రకారం పాయింట్లు ఒక్కొక్కటిగా తీయాలి, కమాండు లేకుండా. ఇది నువ్వు చెయ్యాలి. నాకు బోర్డుల పనితో చేతులు ఖాళీ లేవు, పైగా ఊడ్చింది నువ్వు.

ప్రోగ్రాం సంగతి తేలిపోయింది. ఉచితంది ఎక్కించాను. ఒత్తులు జారవిడిచింది, నిజమే. అయినా తన తెలివి ఉపయోగించి ఏదీ సవరించలేదు. నాకు అంతకంటే మంచి గుణం ఇంకోటి అక్కర్లేదు. మొదటి కట్ట కాగితాలు దీనితో వస్తున్నాయి.

అక్క

ఏప్రిల్ 2

అక్కకి,

మొదటి కట్టలో ఎనభై అక్షరాలూ అయ్యాయి. రెండో కట్ట నిన్న వచ్చింది, మొదలుపెట్టాను. రోజూ భోజనం గంటలో చేస్తున్నాను. ఉచితందాంట్లో బటన్లన్నీ నాకు ఎడమచేత్తో రాసినట్టున్నాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, పాయింటు తీయబోయి రెండుసార్లు అక్షరమే తీసేశాను. పక్క కుర్చీ ఆయన కూడా ఇంట్లో అదే ఎక్కించుకున్నాడు, నాకంటే ముందు నేర్చుకుని నాకు పాఠాలు చెబుతున్నాడు.

అమ్మ పెట్టించిన టిక్కులు చూస్తూ పనిచేస్తుంటే ఒకటి అర్థమవుతోంది. నేను పదిహేనేళ్లుగా పెట్టెల మీద అక్షరాలు అమరుస్తున్నాను గానీ ఒక్క అక్షరాన్నీ ఇంత దగ్గరగా చూడలేదు. ‘ణ’ మధ్యలో ఆ చిన్న ఎత్తు ఎందుకో నాకు ఎప్పుడూ తట్టలేదు. అది లేకపోతే బోర్డు కింద నిలబడి చూసేవాడికి రెండు కడుపులూ కలిసిపోతాయి. కాగితం మీద నీ చేతివ్రాతతో “ఇక్కడ నేను, ఇక్కడ వణుకు” అని ఉంటుంది కదా. చదువుతుంటే అమ్మ పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది.

టిక్కూ ఇంటూ లేకుండా ప్రశ్నగుర్తు పెట్టినవి కొన్ని ఉన్నాయి, రెండు కట్టల్లో కలిపి ఇప్పటికి పద్నాలుగు. ‘ళ’ ఉంది అందులో. ఇవి ఏమిటి? అమ్మ మర్చిపోయిందా, నువ్వు రాసుకోవడం మర్చిపోయావా? తేల్చడం కష్టమైతే నీ వంపుకీ నా సాపుకీ మధ్యగా సగం వంపు పెడతాను, ఎవరికీ తెలియదు. కానీ ఈసారి అడిగి చేస్తున్నాను. నువ్వు సరే అనేదాకా ముట్టుకోను.

ఇరవైన వస్తున్నాను, వారం ఉంటాను. అమ్మతో చెప్పు, చేతులు కొంగులో పెట్టుకోనక్కర్లేదని. లేకపోతే నువ్వేమీ చెప్పకు, నేనే వచ్చి చెబుతాను.

తమ్ముడు

ఏప్రిల్ 12

తమ్ముడికి,

సగం వంపు మాట అమ్మకి చదివి వినిపించాను. సగం నేను, సగం జబ్బు అని రాసిపెడతాడా కింద, అని నవ్వింది. కాబట్టి వద్దు.

ఆ ప్రశ్నగుర్తులు మర్చిపోయి పెట్టినవి కావు. మొత్తం అన్ని కట్టలూ అయ్యేసరికి అలాంటివి ఇరవై మూడు తేలాయి. మొదటిది వచ్చినప్పుడు అమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. చివరికి, “ఇది నేను వంచానో, చెయ్యే వంచిందో నాకే తెలీడం లేదే” అంది. అప్పటిదాకా హుషారుగా చెబుతున్న మనిషి ఆ పూటకి కాగితాలు పక్కన పెట్టేసింది. మర్నాడు ఇంకోటి అలాగే వచ్చింది. అమ్మకి భయం వేస్తోందని నాకు అర్థమైంది. వణుకుకి ఇన్నేళ్లలో ఎప్పుడూ భయపడలేదు. తనకీ దానికీ తేడా తనకే తెలియకపోవడం దగ్గర భయపడింది.

మొన్న నీ ఉత్తరం వచ్చింది. చదివాక అమ్మ తనకి ఇవ్వమంది. చేతిలో పట్టుకుంటే కాగితం ఊగిపోతుంది, అందుకని బల్ల మీద పరిచి పైన స్కేలు పెట్టి చూస్తోంది. నేను పనిలో పడ్డాను. కాసేపటికి, వీడికి ‘ళ’ రాయడం నేర్పింది ఎవరే అని అడిగింది. నువ్వే కదా అన్నాను. నాకు బడిలో దిద్దించారు. నీకు ఐదేళ్లప్పుడు అమ్మ నిచ్చెన మీంచి పడి, కాలికి కట్టు వేయించుకుని ఐదు నెలలు మంచం మీద ఉంది. ఆ ఐదు నెలలూ నీకు అదే పని, పక్కన కూర్చుని పలక మీద అమ్మ రాసినదాని మీద దిద్దడం. నీ చెయ్యి అమ్మ చెయ్యే. అప్పటికి వణుకు అన్న మాటే ఎరగం.

నీ ఉత్తరాలు నాలుగూ తెచ్చి బల్ల మీద వరసగా పరిచాం. ఇరవై మూడు కాగితాలూ పక్కన పెట్టుకున్నాం. ఒక్కో అక్షరాన్నీ నీ ఉత్తరాల్లో వెతకడం, అమ్మ చూడడం. ‘ళ’ తోక చివర పైకి ఎత్తి వదిలేస్తావు, నాలుగు ఉత్తరాల్లోనూ అంతే. ఆ ఎత్తు అమ్మదే. షాపు తెరిచే ఉంది, ఒకాయన స్టిక్కరు కోసం వచ్చి చూసి చూసి వెళ్లిపోయాడట, మేం గమనించలేదు. సాయంత్రానికి పదహారు అమ్మవని తేలాయి. ఆరు నీ చేతిలో లేవు, వణుకే, తీసెయ్. అమ్మ ప్రతిదానికీ తలూపుతూ, నేనే, నేనే అంటూ ఉంది. చేతులు బల్ల మీదే ఉన్నాయి. నువ్వు చెప్పమన్నది చెప్పాల్సిన పని పడలేదు.

ఒక్కటి మిగిలింది. ‘ఝ’. నాలుగు ఉత్తరాల్లో ఎక్కడా రాయలేదు నువ్వు. రాయాల్సిన అవసరం ఎవరికి వస్తుంది అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఇరవైదాకా ఆగమంటే వినలేదు, నిన్నటినుంచి కొరియర్ వచ్చే టైముకి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంటోంది.

కాబట్టి వెంటనే ఒక ఉత్తరం రాయి. ఆ ఒక్క అక్షరమే రాసి పంపకు, తెలిసి రాస్తే చెయ్యి బిగుసుకుంటుంది. రోజూ రాసేలాగే ఆఫీసు సంగతులు, బిస్కెట్ల పెట్టె, ఏదో ఒకటి రెండు పేజీలు రాసుకుంటూ పో. మధ్యలో ఎక్కడో అది రానీ.

అక్క